మూలుగలోని మూలకణము – సుబ్బారావు మందులు

చోడవరము ప్రాంతము చెరకునకు, బెల్లమునకు పేరుపడినది. 2022 ఏప్రిలు వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, పిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ పట్టణము చుట్టుపట్ల పల్లెలలో గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కార్యకర్తలు ఎర్రని మాత్రలు పంచుచుందురు. దేశమంతట పంచు మాత్రయే ఇది. జనులు దానిని ఐరను మాత్ర అనియో, రక్తము పట్టు మాత్ర అనియో అందురు. అందులో ఇనుము 60 మిల్లీగ్రాములు. దానితో కలిసియున్న రెండవ మందు ఫోలికామ్లము. తూకము అర మిల్లీగ్రాము మాత్రమే. దాని పేరు ఎవరును తలచరు. ఎర్రకణములకు ఆ రంగునిచ్చు హీమోగ్లోబినులో ఇనుము ఉన్నది కావున ఇనుమెందులకో సులభముగా బోధపడును. అర మిల్లీగ్రాము ఫోలికామ్లము చేయు పని యేమి? ఈ ప్రశ్నకు సమాధానము, రక్తకణములు ఎక్కడ పుట్టుచున్నవో, ఎట్లు పుట్టుచున్నవో మానవుడు తెలిసికొన్న చరిత్రతో ముడిపడియున్నది. ఆ చరిత్రలో భీమవరమున పుట్టిన యొక తెలుగు శాస్త్రజ్ఞుని పాలు గొప్పది.

పెద్దవయసు మనుష్యుని శరీరమున సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణములు కొత్తగా పుట్టును. ఒక్కొక్క ఎర్రకణము ఆయుర్దాయము సుమారు 120 దినములు. గాయమైనచోట రక్తమును గడ్డకట్టించు ఫలకికలు, అనగా నేడు అందరి నోటను ప్లేట్‌లెట్లు అను పేర వినబడునవి, 8 లేక 10 దినములు బ్రదుకును. తెల్లకణములలో అధికసంఖ్యాకములైన న్యూట్రోఫిలులు రక్తములో ఒక దినము నిలుచుటయే గొప్ప. ఈ మూడు తెగల కణములలో ఏదియు తనంతట తాను చీలి రెండు కాలేదు. ఎర్రకణమునకైతే కేంద్రకమే లేదు. రాబడి లేని యింటిలో ధాన్యపు గాదె వలె రక్తము నాలుగు నెలలలో ఖాళీ కావలసినదే. అట్లు కాకుండుటకు ఎక్కడనో ఎడతెగని ఉత్పత్తి జరుగుచుండవలెను.

అది ఎముకల లోపలి మూలుగలో జరుగునని మొదట చూపినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్నెస్టు నాయ్‌మన్. ఆతడు 1868లో కోనిగ్స్‌బర్గు నగరమున ఎముకలను నొక్కి పిండి, వచ్చిన రసమును సూక్ష్మదర్శినిలో చూచెను. కేంద్రకము ఇంకను పోని ఎర్రకణములు అందు కనబడెను. పసికణములవి. అదే యేట ఇటలీలో బిజ్జొజేరో కూడ ఇదే సంగతి కనుగొనెను. ఎముకలోని క్రొవ్వు పదార్థము రక్తమును పుట్టించునన్న మాట పలువురకు వెంటనే రుచింపలేదు. వంటలో మూలుగ రుచి ఎరిగిన జనులకు దాని పని తెలియుటకు పందొమ్మిదవ శతాబ్ది మూడువంతులు గడువవలసివచ్చెను.

చోటు తెలిసినది, కాని తగవు ముదిరినది. మూలుగలో చూడబోయినచో పలురకముల పసికణములు కలగాపులగముగా నుండును. వీనికన్నిటికి మూలము ఒకటేనా, పెక్కులా? ఒక ఊట నుండి పారిన కాలువలా, లేక వేర్వేరు బావులా? కణములకు రంగులద్దు విద్యలో ఆరితేరిన పాల్ ఎర్లిక్ తెల్లకణములందలి భేదములను స్పష్టముగా చూపెను. ఆతని మార్గమున నడచినవారు మూలములు వేర్వేరనిరి. రష్యాకు చెందిన అలెగ్జాండరు మాక్సిమోవ్ 1909లో బెర్లినులో చేసిన ఉపన్యాసమున రక్తకణములన్నిటికి ఉమ్మడి మూలకణ మొకటి యున్నదని వాదించెను. ఇరుపక్షముల చేతను ఉన్న సాక్ష్యము ఒక్కటే: గాజుపలక మీద ఆరబెట్టి రంగు పూసిన మృతకణములు. చచ్చిన కణము తాను రేపు ఏమి కాగలిగియుండెడిదో చెప్పదు. అందుచేత ఈ తగవు అర్ధశతాబ్దము తీరక నిలిచినది. ఈ లోపల మూలుగను గురించిన జ్ఞానము మరియొక దారిని, రోగుల మంచముల ప్రక్క నుండి రాసాగెను.

1928లో లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చెను. అచటి బట్టల మిల్లులలో పనిచేయు పేద స్త్రీలకు గర్భకాలమున దారుణమైన రక్తహీనత కలుగుచుండెను. వారి రక్తములో ఎర్రకణములు సంఖ్యలో తక్కువ, పరిమాణములో పెద్దవి. ఇనుము చాలనిచో కణములు చిన్నవగును; ఇచ్చట అందుకు విరుద్ధము. విల్సు మొదట సూక్ష్మక్రిములను అనుమానించి వెదకెను, దొరకలేదు. ఆ స్త్రీలు తిను తిండియందు దోషమున్నదని గ్రహించి, హాఫ్‌కిన్ సంస్థలోను, కొంతకాలము కూనూరులోని పాశ్చరు సంస్థలోను, తరువాత మద్రాసు కాస్ట్ అండ్ గోషా ఆస్పత్రిలోను పరిశోధించెను. అట్టి తిండియే పెట్టిన కోతికి అట్టి రోగమే వచ్చెను. మార్మైటు అను చవుకైన ఈస్టు రసము తినిపింపగా కోతి కోలుకొనెను. స్త్రీలును కోలుకొనిరి. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించెను. ఈస్టులో నున్న ఆ పదార్థమేమో ఎవరికిని తెలియదు. కొందరు దానిని విల్సు పదార్థమనిరి.

ఎల్లాప్రగడ సుబ్బారావుకు ఈ రోగజాతితో ఇంటి పరిచయము కలదు. ఆయన 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. అన్న పురుషోత్తము స్ప్రూ అను వ్యాధితో మరణించెను. ఇది ఉష్ణదేశములలో కనబడు దీర్ఘవ్యాధి. మన వైద్యులు గ్రహణి అని చెప్పుదానికి సమీపమైనది. ప్రేగులు తిన్న అన్నములోని సారమును పీల్చుకొనలేవు. నాలుక పూయును, విరేచనములు కట్టవు, మనిషి ఎండి రక్తహీనుడగును. సుబ్బారావుకు కూడ ఆ వ్యాధి వచ్చెను. ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్స వలన బయటపడెను. మద్రాసు వైద్యకళాశాలలో చదువునప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు అంగీతో శస్త్రచికిత్స తరగతికి పోయినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, యం.బి.బి.ఎస్. బదులు దానికన్న తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. పిమ్మట అమెరికా చేరి హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరముల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిను, ఏ.టి.పి.ల పరిశోధన అచటిదే.

1926లో బోస్టను వైద్యులు మైనాట్, మర్ఫీలు పెర్నిషియస్ రక్తహీనతయను ప్రాణాంతక వ్యాధి, రోగికి దినదినము కాలేయము తినిపించినచో నయమగునని చూపిరి. కాలేయములోని మందు ఏది? సుబ్బారావు హార్వర్డులో దానిని వేరుచేయుటకు కొన్నియేండ్లు శ్రమించెను. దొరకలేదు. అది బి-12 విటమినని 1948లో గాని తేలలేదు. దానిని పట్టినవారు వేరొకరు. కాని కాలేయమును గాలించిన ఆ అభ్యాసము వృథా పోలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములో పెర్ల్ రివరు అను ఊరనున్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, త్వరలోనే పరిశోధనలకు నాయకుడయ్యెను. 1941లో మిచెల్, స్నెల్, విలియమ్సులు పాలకూర జాతి ఆకుల నుండి, సూక్ష్మజీవుల పెరుగుదలకు తోడ్పడు ఒక ఆమ్లమును తీసి, ఆకు అను అర్థముగల లాటిను మాటను బట్టి ఫోలికామ్లమని పేరుపెట్టియుండిరి. టన్నులకొలది ఆకు నుండి వచ్చినది చిటికెడు. అట్టి పదార్థముతో రోగికి వైద్యము సాధ్యము కాదు. లెడర్లీలో స్టోక్‌స్టాడ్ కాలేయము నుండి దీనిని శుద్ధరూపమున వేరుచేసెను. సుబ్బారావు నడిపిన బృందము దాని నిర్మాణమును ఛేదించి, ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును కనుగొని 1945లో ప్రకటించెను. మరుసటి యేట వివరములతో వెలువడిన వ్యాసమునకు 16 మంది కర్తలు. సుబ్బారావు పేరు వారి నడుమ ఒకటిగా నుండుట గమనింపదగినది. తెలుగునాట ఆయనను గూర్చి వ్రాయువారు కొందరు అంతయు ఆయన ఒక్కడే చేసినట్లు వ్రాయుదురు. ఆయన ఘనతకు ఆ అతిశయోక్తి అక్కరలేదు. పదునారుగురిని ఒక్క ప్రశ్న మీద నిలిపి పనిచేయించుట తక్కువ పని కాదు.

1945లోనే టామ్ స్పైస్ అను వైద్యుడు పెద్ద ఎర్రకణముల రక్తహీనత గల రోగులకు ఈ మందునిచ్చి చూచెను. కొలది దినములలో రక్తములో లేతకణములు పొంగివచ్చెను. క్యూబా, పోర్టోరికో దీవులలోని స్ప్రూ రోగులును కోలుకొనసాగిరి. పురుషోత్తమును తీసికొనిపోయిన వ్యాధికి మందు అతని తమ్ముని ప్రయోగశాల నుండి వచ్చినది. మరణించిన నాటికిని మందు పుట్టిన నాటికిని నడుమ రెండు దశాబ్దములకు మించి గడచియుండెను.

ఈ మందు మూలుగలో ఏమి చేయును? కణము రెండుగా చీలుటకు ముందు తన కేంద్రకములోని డి.ఎన్.ఏ.కు మొత్తము నకలు తీసికొనవలెను. ఆ నకలుకు కావలసిన ఇటుకలలో థైమిను ఒకటి. దానిని తయారుచేయుటకు ఫోలికామ్లము తోడుండవలెను. తోడు లేనిచో నకలు నత్తనడక నడచును. కేంద్రకము ముదరదు; చుట్టునున్న భాగము మాత్రము హీమోగ్లోబినును నింపుకొనుచు పెరిగిపోవును. ఒళ్లు పెరిగి బుద్ధి ఎదగని పిల్లవాని వంటి ఈ పెద్దకణములకు ఎర్లిక్ మెగలోబ్లాస్టులని పేరుపెట్టెను. ఇవి అధికభాగము మూలుగ దాటకయే చచ్చును. అందుచేత ఒక వింత: రోగి రక్తము కణములు లేక పలుచనై యుండగా, మూలుగ మాత్రము కణములతో క్రిక్కిరిసి యుండును. దెబ్బ ఎర్రకణములకే పరిమితము కాదు. తెల్లకణములును, ఫలకికలును తగ్గును. న్యూట్రోఫిలుల కేంద్రకము సాధారణముగా మూడు నాలుగు తమ్మెలుగా నుండునది అయిదారు తమ్మెలై కనబడును.

ఇచ్చట వైద్యులు ఒక ప్రమాదమును త్వరలోనే గుర్తించిరి. బి-12 లోపము వలన వచ్చిన రక్తహీనతలో కూడ ఫోలికామ్లము రక్తమును బాగుచేయును, కాని నరములకు కలుగు హాని ఆగక సాగును. రక్తము చూచి రోగము పోయినదనుకొన్న రోగికి కాళ్లు తిమ్మిరెక్కి పడిపోవచ్చును. ఈ రెండు విటమినులు ఒకే పని యొద్ద కలియునను సంగతి ఇట్లు తెలిసినది.

బోస్టను పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బరు లుకీమియా పిల్లలను చూచుచుండెను. లుకీమియాలో మూలుగలోని పసి తెల్లకణములు ముదరుట మాని, చీలుటయే పనిగా పెట్టుకొనును. తీవ్రరూపమున వచ్చినచో ఆ కాలమున కొలది వారములు లేక నెలలలో మరణము తప్పదు. ఫోలికామ్లమునకు సంబంధించిన పదార్థముల నిచ్చినప్పుడు వ్యాధి మరింత చురుకుగా పెరిగినట్లు ఫార్బరు గమనించెను. ఇచ్చుట వలన పెరిగినచో, అడ్డుకొనుట వలన తగ్గవలెను గదా! ఫోలికామ్లమును పోలియుండియు దాని పనిని చెరచు పదార్థములను లెడర్లీ రసాయనజ్ఞులు అప్పటికే కూర్చుచుండిరి. సుబ్బారావు వానిని ఫార్బరుకు పంపెను. వానిలో మేటి అమినోప్టెరిను. ఫోలికామ్లపు అణువులో ఒకచోట ఆక్సిజను స్థానమున అమైనో సమూహము నిలిపినచో ఇది యగును. తాళములో దూరి తిరుగక ఇరుకుకొనిపోవు దొంగతాళపుచెవి వంటిది. ఇక అసలు చెవికి చోటు దొరకదు.

1947 చివర ఈ మందు మొదలుపెట్టిరి. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన వ్యాసమున 16 మంది పిల్లల సంగతి కలదు. వారిలో 10 మందికి గుణము కనబడెను. ఉబ్బిన ప్లీహము తగ్గెను, రక్తములో మంచి కణములు తిరిగి వచ్చెను, మంచము పట్టిన పిల్లలు లేచి ఆడుకొనిరి. ఆ గుణము నిలువలేదు. కొన్ని నెలలలో వ్యాధి తిరిగివచ్చెను. అయినను మందుతో పిల్లల తీవ్ర లుకీమియాను వెనుకకు నెట్టవచ్చునని అంతకుముందు ఎవరును చూపియుండలేదు. ఆ వ్యాసము వెలువడిన రెండునెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు 53 ఏండ్ల వయసున న్యూయార్కులో మరణించెను. అమినోప్టెరిను తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని పిల్లల లుకీమియా చికిత్సలో ఇతర మందులతో కలిపి వాడబడుచున్నది.

ఒక మందు మూలుగను నడిపించును, దాని పోలికయే మూలుగను ఆపును. ఆపినప్పుడు చెడుకణములతోబాటు మంచి కణములును, ఎర్రవి, తెల్లవి, ఫలకికలు అన్నియు, తగ్గును. ఇది చూచి రక్తకణములన్నిటికి మూలమొకటే యని తీర్మానింప వచ్చునా? రాదు. చీలు కణము ఏదైనను దానికి ఫోలికామ్లము కావలయును. నోటి పొర కణములును ఈ మందులకు దెబ్బతినును. మూలుగ ఎంతటి వేగముతో పనిచేయుచున్నదో, ఆ వేగమునకు పగ్గములెక్కడున్నవో ఈ మందులు చూపినవి. కుటుంబవృక్షము చూపుటకు వేరు ప్రయోగము కావలసియుండెను.

దానికి ప్రేరణ అణుబాంబు నుండి వచ్చినది. హిరోషిమా, నాగసాకి నగరములలో పేలుడును తప్పించుకొన్నవారు కూడ కొన్ని వారములకు రక్తస్రావముతోను, అంటువ్యాధులతోను చనిపోయిరి. వికిరణము మూలుగను చంపెనని తెలిసినది. వికిరణము సోకిన చుంచులకు ఇతర చుంచుల మూలుగ ఎక్కించినచో బ్రదుకునని 1950 ప్రాంతమున పరిశోధకులు చూపిరి. ఎక్కించిన దానిలో బ్రదికించునది ఏ కణము?

కెనడాలోని టొరంటోలో భౌతికశాస్త్రజ్ఞుడు జేమ్సు టిల్, వైద్యుడు ఎర్నెస్టు మెకల్లక్ ఈ ప్రశ్న పట్టుకొనిరి. చుంచులకు ప్రాణాంతకమైన వికిరణమునిచ్చి, లెక్కించిన మూలుగ కణములను రక్తములోనికి ఎక్కించిరి. పదిదినములకు ప్లీహమును కోసి చూడగా దాని మీద చిన్న చిన్న బుడిపెలు. చుంచులో ప్లీహము కూడ రక్తమును పుట్టించును గనుక ఎక్కించిన కణములు అచట నాటుకొన్నవి. ఎక్కువ కణము లెక్కించిన చుంచుకు ఎక్కువ బుడిపెలు. ఉజ్జాయింపుగా పదివేల కణములకు ఒకటి. 1961లో ఇది ప్రకటితమయ్యెను. ఒక్కొక్క బుడిపెలో ఎర్రకణముల పసికూనలు, న్యూట్రోఫిలుల జాతివి, ఫలకికలను విడుచు పెద్దకణములు కలిసియుండెను. అయినను సందేహము తీరలేదు. మూడు తెగల కణములు మూడు ఒక చోట చేరి బుడిపె కట్టియుండవచ్చును గదా? ఆండ్రూ బెకరు అను శిష్యుడు మూలుగ కణముల క్రోమోసోములను వికిరణముతో విరుగగొట్టి ఎక్కించెను. ఏ కణములో విరుపు ఎట్లు పడునో అది దాని సొంతము. మందలోని పశువులకు వాత పెట్టినట్లు. 1963లో ఫలితము తెలిసినది: బుడిపెలోని కణములన్నిటికి ఒకే వాత. ఒక్క కణము సంతతియే అవి. ఆ యేటనే సిమినోవిచ్‌తో కలిసి చేసిన ప్రయోగమున, బుడిపెలోని కొన్ని కణములు మరల క్రొత్త బుడిపెలను పుట్టించునని తేలినది. సంతానమును కనుచు తాను తరుగకుండుటయే మూలకణ లక్షణము. మాక్సిమోవ్ మరణించి అప్పటికి 35 ఏండ్లు.

పిమ్మటి పరిశోధనలు ఈ చిత్రమును దిద్దినవి. టొరంటో బుడిపెలలో పెక్కు అసలు మూలకణము నుండి గాక, దానికి ఒకటి రెండు తరముల దిగువ కణముల నుండి పుట్టినవని తేలినది. 1988లో వైస్‌మన్ బృందము చుంచు మూలుగ నుండి మూలకణములను దాదాపు శుద్ధముగా ఏరెను. మూలకణము తాను తరచుగా చీలదు. చాలకాలము నిద్రలోనే యుండును. దాని సంతతి తరతరమునకు సంఖ్యలో పెరుగుచు, శక్తిలో తరుగుచు పోవును. తలిదండ్రులు ఏడు విద్యలు నేర్చినవారు, పిల్లలు మూడు, మనుమలు ఒకటి. ఎవరు ఏ వృత్తి పట్టవలెనో కొంత కణము లోపలి ప్రోటీనుల పోటీ నిర్ణయించును: గాటా-1 పైచేయి యైనచో ఎర్రకణముల దారి, పియు-1 పైచేయి యైనచో తెల్లకణముల దారి, రెండును ఒకదాని నొకటి అణచును. కొంత బయటి నుండి వచ్చు హార్మోనుల పని. మూత్రపిండములు ప్రాణవాయువు చాలదని గ్రహించి ఎరిత్రోపొయెటినును విడుచును. అది ఎర్రకణముల పసికూనలను చావనీయక కాపాడును. దీనిని శుద్ధి చేయుటకు గోల్డ్‌వాసరుకు జపానులో రోగుల నుండి సేకరించిన 2,550 లీటర్ల మూత్రము కావలసివచ్చెను. 1977లో పని ముగిసినది. మానవునిలో రక్తమును పోషించు మూలకణములు 50 వేలకు, 2 లక్షలకు నడుమ నుండునని 2018లో ఒక అంచనా వెలువడినది. చెట్టుకొమ్మల వలె చక్కగా చీలిన పూర్వపు పటమును, ఒక్కొక్క కణమును విడిగా పరీక్షించు నేటి పద్ధతులు కొంత చెరిపివేసినవి. కొమ్మలకు గణుపులు లేవు, వాలుగా జారు నేల మీద పాయలు విడిపోవు నీరు వంటిదని కొందరి మతము.

చోడవరము నుండి మాడుగుల దాటి ఘాటు రోడ్డు ఎక్కినచో పాడేరు ఏజెన్సీ వచ్చును. అచటి గిరిజనులలో కొన్ని కుటుంబములకు కొడవలి కణ వ్యాధి కలదు. హీమోగ్లోబినులోని ఒక్క మార్పు వలన ఎర్రకణము కొడవలి వలె వంగి, 120 దినములకు బదులు 10 లేక 20 దినములలో నశించును. లోటు తీర్చుటకు మూలుగ పలురెట్లు వేగముగా పనిచేయవలసి, ఫోలికామ్లము త్వరగా ఖర్చగును. మూలకణములలోనే జన్యువును సవరించు చికిత్సకు 2023 నవంబరులో బ్రిటను, డిసెంబరులో అమెరికా అనుమతి యిచ్చినవి. రోగి మూలకణములను బయటకు తీసి, సవరించి, మూలుగను మందుతో ఖాళీ చేసి తిరిగి ఎక్కింతురు. అమెరికాలో దాని ధర సుమారు 22 లక్షల డాలర్లని ప్రకటించిరి. మన ఆస్పత్రులలో ఇచ్చునది హైడ్రాక్సీయూరియా. ఇదియు డి.ఎన్.ఏ. నకలును మందగింపజేయు మందే. కొలత తప్పకుండ ఇచ్చినచో గర్భస్థశిశువుకుండు హీమోగ్లోబిను మరల పెరిగి కణములు వంగుట తగ్గును. కొలత సరిచూచుటకు రోగి మాటిమాటికి రక్తపరీక్ష చేయించుకొనవలెను. దానితోబాటు రోజుకొక ఫోలికామ్లపు మాత్ర.